పాత చర్చిలో కచేరీలు పెట్టాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కొత్త మందిరం కట్టుకున్నాక ఖాళీగా ఉండిపోయిన పాత చర్చిని పాటలకో, నాటకాలకో, సినిమా ఫంక్షన్లకో ఇవ్వవచ్చా అని నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. పాత కట్టడాల మరమ్మతు, సౌండ్, అగ్నిమాపక భద్రత తెలిసినవాళ్లం కలిసి రాసిన జవాబులివి.

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. మిషనరీల నాటి చర్చి పక్కనే కొత్త మందిరం కట్టుకున్నాం. పాతది 80 అడుగుల పొడవు, 32 అడుగుల వెడల్పు, పెంకుల కప్పు. ఈవెంట్ల వాళ్లు వచ్చి ఏడాదికింత అని లీజుకు అడుగుతున్నారు. 1991 నాటి ప్రార్థనా స్థలాల చట్టం ఏమైనా అడ్డొస్తుందా? సంఘం పెద్దలందరం సంతకాలు పెడితే సరిపోతుందా అండీ?

జవాబు: సరిపోదండీ. ముందు స్థలం ఎవరి పేరున ఉందో చూడండి. మన రెండు జిల్లాల్లో పాత చర్చిలు చాలామటుకు అమెరికన్ బాప్టిస్టు మిషన్ నాటివి. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టారు, జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చారు, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఊపులో కొన్న స్థలాల దస్తావేజులు మిషన్ సొసైటీ పేరునో, తర్వాత వచ్చిన ట్రస్టు పేరునో ఉంటాయి కానీ ఊరి సంఘం పేరున ఉండటం తక్కువ. అలాంటప్పుడు మీరు ఆస్తిని చూసుకుంటున్నవాళ్లే తప్ప యజమానులు కారు. మీ సంతకాలతో ఇచ్చిన లీజు నిలబడదు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు సర్టిఫైడ్ కాపీ, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీసుకోండి. దస్తావేజులో ‘ఆరాధన నిమిత్తం’ అనే షరతు ఉందేమో చదవండి. ఉంటే అద్దె సంగతి తర్వాత, ముందు లాయరు దగ్గరికి వెళ్లాలి. మతపరమైన, ధర్మాదాయ ట్రస్టు ఆస్తిని దుర్వినియోగం చేస్తున్నారని సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద సంబంధం ఉన్న ఇద్దరు మనుషులు కోర్టు అనుమతి తీసుకుని దావా వేయొచ్చు. ఇలాంటి ప్రయత్నాలు ఎక్కువగా ఆగేది ఇక్కడే. పెద్దలు ఒప్పుకుంటారు, సంఘంలో అడగని ఇద్దరు కోర్టుకెక్కుతారు. అందుకని మహాసభ పిలిచి, నోటీసు అంటించి, వ్యతిరేకించినవాళ్ల మాట కూడా మినిట్స్‌లో రాసి తీర్మానం చేయండి. దాన్ని పై సంస్థకు పంపి రాతపూర్వకమైన అనుమతి తెచ్చుకోండి.

1991 నాటి ప్రార్థనా స్థలాల చట్టం గురించి కూడా అడిగారు. ఒక మతం ప్రార్థనా స్థలాన్ని మరో మతానికో, అదే మతంలో మరో శాఖకో మార్చకూడదని 3వ సెక్షన్ చెబుతుంది. హాలుగా మార్చడం గురించి అందులో నేరుగా మాట లేదు. కానీ 1947 ఆగస్టు 15న ఉన్న మత స్వభావం అలాగే కొనసాగుతుందని 4వ సెక్షన్ అంటుంది కాబట్టి, లాయరు అభిప్రాయం కాగితం మీద ఉండాల్సిందే. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం దగ్గరలో ఉంటే దాని చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతితోనే చేయాలి.

లీజును రిజిస్టర్ చేయించాలి. అందులో ఈ షరతులు తప్పక రాయించండి: గోడకు మేకు కొట్టకూడదు, కప్పుకు ఏదీ వేలాడదీయకూడదు, మద్యం ఉండకూడదు, గడువు తీరాక పెట్టినదంతా తీసేస్తే ముందున్న చర్చి ముందున్నట్టే కనిపించాలి. మా దృష్టిలో చివరిది అన్నిటికంటే ముఖ్యం. రేపు మీ పిల్లలు మళ్లీ అందులో ఆరాధన చేసుకోవాలనుకుంటే వాళ్లకు ఆ అవకాశం మిగలాలి.

ప్రశ్న: విదేశాల్లో చర్చిల్ని పబ్బులుగా మార్చారంటారు. నిజమేనా? మనం అదే దారిన పోవాలా? (కావలి)

జవాబు: నిజమే. ఆమ్‌స్టర్‌డామ్‌లో పందొమ్మిదో శతాబ్దపు చర్చి ఒకటి 1968లో ‘పారడీసో’ అనే సంగీత వేదికైంది, ఇప్పటికీ నడుస్తోంది. న్యూయార్క్‌లో 1840ల్లో కట్టిన చర్చిలో 1983లో ‘లైమ్‌లైట్’ నైట్‌క్లబ్ పెట్టారు. డ్రగ్స్ కేసులతో అది మూతపడి, తర్వాత అదే కట్టడం దుకాణాల సముదాయమైంది. లండన్‌లో యూనియన్ చాపెల్‌ది ఇంకో దారి. అక్కడ ఆరాధనా ఆగలేదు, కచేరీలూ జరుగుతున్నాయి.

మనకు పాఠం దొరికేది లండన్‌లోని సెయింట్ లూక్స్‌లో. 1733 నాటి ఆ చర్చికి పునాది కుంగి, 1959లో కప్పు తీసేశారు. 40 ఏళ్లకు పైగా మొండిగోడలతో నిలిచి, 2003లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా సంగీత కేంద్రంగా తెరుచుకుంది. నేలమాళిగలోని వెయ్యికి పైగా సమాధుల్ని ముందు పద్ధతిగా తరలించారు. లోపల చెట్ల ఆకారంలో ఉక్కు స్తంభాలు నిలబెట్టి కొత్త కప్పును వాటి మీద మోయించారు. కొత్త బరువుకు కొత్త కాళ్లు అన్నమాట. ఆ సూత్రం మన పెంకుల చర్చికీ వర్తిస్తుంది.

క్యాథలిక్కులకు దీని మీద స్పష్టమైన శాసనమే ఉంది. వాళ్ల చర్చి ధర్మశాస్త్రంలోని కానన్ (నియమం) 1222 ప్రకారం, ఆరాధనకు పనికిరాక, బాగుచేసే వీలూ లేని చర్చిని బిషప్ లౌకిక వాడకానికి ఇవ్వొచ్చు, కానీ ఆ వాడకం నీచమైనది కాకూడదు. బాప్టిస్టు సంఘాలకు అలాంటి శాసనం లేకపోయినా ఆ గీత మంచిది. పిల్లల క్వైర్, కర్ణాటక కచేరీ, నాటకం, పుస్తక ప్రదర్శన ఆ గోడలకు నప్పుతాయి. డీజే నైట్ నప్పదు. ఎందుకో కింది జవాబుల్లో చెబుతున్నాం.

ప్రశ్న: నెల్లూరులో సౌండ్ సర్వీస్ నడుపుతున్నాం. పాత చర్చిలో ప్రోగ్రాం చేస్తే మాట ఒక్కటీ అర్థం కాలేదు, కుండలో అరిచినట్టుంది. బాక్సులు పెంచితే ఇంకా అధ్వాన్నం. గోడలకు కోడిగుడ్ల అట్టలు కొట్టిస్తే పోతుందా?

జవాబు: పోదు. గుడ్ల అట్ట పల్చటి కాగితం, మాట ఉండే స్థాయిలో శబ్దాన్ని పెద్దగా పీల్చదు. పైగా అగ్గిపుల్ల తగిలితే గోడంతా అంటుకుంటుంది. ఫోమ్ షీట్లు ఇంకా ప్రమాదం. 2003లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఒక క్లబ్బులో బాణసంచా నిప్పురవ్వ గోడకున్న పాలీయూరెథేన్ ఫోమ్‌కు అంటుకుని 100 మంది చనిపోయారు.

ముందు కొలవండి. తలుపులు, కిటికీలు మూసి, మధ్యలో ఒక బెలూన్ పగలగొట్టి ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ చప్పుడు పూర్తిగా అణగడానికి పట్టే సమయమే మీ సమస్య. ఒంగోలు పాఠకుడి కొలతలే తీసుకుందాం. సగటు ఎత్తు 26 అడుగులైతే లోపలి గాలి సుమారు 1,900 ఘనపు మీటర్లు. ఖాళీగా ఉన్నప్పుడు శబ్దం 4 సెకన్లు నిలుస్తోందనుకోండి. క్వైర్‌కు 2 సెకన్లున్నా బాగుంటుంది. మైకులో మాటకు, పాటకు 1.2 దాటకూడదు. ఒక్కో అక్షరం తర్వాతి అక్షరం మీద పడి కలిసిపోతుంది కాబట్టే మాట అర్థం కాదు. వాల్యూం పెంచితే గోడల నుంచి తిరిగొచ్చేదీ అంతే పెరుగుతుంది.

లెక్క సులువు. 0.161ని ఘనపరిమాణంతో గుణించి, సెకన్లతో భాగిస్తే, శబ్దాన్ని పూర్తిగా పీల్చే తలం ఎన్ని చదరపు మీటర్లు కావాలో వస్తుంది. 4 సెకన్లకు 76, 1.2 సెకన్లకు 255. అంటే ఇంకో 179 కావాలి. కూర్చున్న మనిషి ఒక్కొక్కరు సుమారు 0.45 పీలుస్తారు కాబట్టి 200 మంది వస్తే 90 వాళ్లతోనే వచ్చేస్తుంది. మిగిలిన 89కి 2 అడుగులు, 4 అడుగుల ప్యానెళ్లు 60 చేయించండి. లోపల 50 మిల్లీమీటర్ల మందం, ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వూల్ (రాతి నారతో చేసిన పరుపు), జీఐ ఫ్రేము, పైన గ్లాస్ క్లాత్ ఉండాలి. అవి 38 దాకా పీలుస్తాయి. మిగతా 51కి దళసరి వెల్వెట్ తెరలు 90 చదరపు మీటర్ల మేర కట్టాలి. బాగా కుచ్చులు పడేలా కట్టాలి కాబట్టి గుడ్డ దానికి రెట్టింపు పడుతుంది. బిగుతుగా కడితే సగం కూడా పనిచేయదు.

ముందు వెనక గోడ సంగతి చూడండి. స్టేజీ నుంచి 24 మీటర్లు వెళ్లి వెనక్కి వచ్చేసరికి శబ్దానికి 0.14 సెకను పడుతుంది. 0.05 దాటితే చెవికి అది రెండో మాటలా వినిపిస్తుంది. ప్యానెళ్లలో సగం ఆ గోడకే పెట్టండి. గోడకు కొట్టొద్దు, విడిగా నిలబడే ఇనప స్టాండ్లకు బిగించి, గోడకు 4 అంగుళాల ఖాళీ వదలండి. ఆ ఖాళీ వల్ల ఇంకాస్త బరువైన శబ్దాన్ని కూడా పీలుస్తాయి, గోడకూ గాలి ఆడుతుంది.

స్పీకర్లు పెద్దవి రెండు కాదు, సన్నటి కాలమ్ స్పీకర్లు నాలుగు వాడండి. రెండు స్టేజీ దగ్గర, రెండు 12 మీటర్ల దూరంలో, జనం తలల వైపు వంచి పెట్టాలి. వెనక జతకు 40 నుంచి 45 మిల్లీసెకన్ల డిలే (శబ్దం ఆలస్యంగా వచ్చే ఏర్పాటు) ఇవ్వండి. శబ్దం 12 మీటర్లు రావడానికి 35 పడుతుంది, కాస్త కలిపితే చెవికి పాట స్టేజీ నుంచే వస్తున్నట్టు ఉంటుంది. డిలే మరిచిపోతే వెనక వరుసలవాళ్లకు ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది.

సబ్‌వూఫర్ బేస్‌ను ఈ తెరలు, ప్యానెళ్లు ఆపలేవు. దానికి ఎన్నో రెట్లు మందం కావాలి. బేస్ పెరిగేకొద్దీ పెంకులు, రంగుటద్దాలు గలగలలాడతాయి. అద్దాల్ని పట్టుకున్న పాత సీసపు పట్టీలు ముందు వదులవుతాయి. డీజే నప్పదన్నది ఇందుకే.

నూలు తెరలకు మంట పట్టకుండా బోరాక్స్ 6 పాళ్లు, బోరిక్ యాసిడ్ 5 పాళ్లు, నీళ్లు 100 పాళ్లు, తూకంలో కలిపి ముంచి ఆరబెట్టండి. ఒక పీలిక కత్తిరించి బయట 12 సెకన్లు మంట చూపించండి. మంట తీయగానే ఆరిపోవాలి. ఉతికితే మందు పోతుంది, మళ్లీ ముంచాలి.

ప్రశ్న: పాత చర్చి గోడలకు అడుగు నుంచి నాలుగడుగుల దాకా ఉప్పెక్కి పెళ్లలు ఊడుతున్నాయి. రెండుసార్లు సిమెంటు పూత వేయించాం, మళ్లీ ఊడింది. లైట్ల ట్రస్ (లైట్లు తగిలించే లోహపు చట్రం) కప్పు దూలాలకు కట్టుకోవచ్చా? (కందుకూరు)

జవాబు: సిమెంటే కారణం. ఆ గోడ డంగు సున్నంతో కట్టినది. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కి, సున్నపు పూత గుండా ఆవిరై పోతుంటుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. చెమ్మ ఇంకా పైకి ఎక్కి, పూత వెనకాల ఉప్పు గడ్డకట్టి, ఇటుక మొహంతో సహా పూతను బయటికి తోసేస్తుంది. ఊడిన పెళ్ల వెనక్కి తిప్పి చూడండి, ఎర్రటి ఇటుక పొడి అంటుకుని ఉంటుంది. మూడోసారి సిమెంటు వేస్తే ఇంకో పొర ఇటుక పోతుంది.

చెమ్మ గీతకు రెండడుగుల పైదాకా సిమెంటంతా ఉలితో, నెమ్మదిగా కొట్టించండి. బ్రేకర్ మిషన్ వద్దు. గోడ చుట్టూ బయట వేసిన సిమెంటు గచ్చును ఒకటిన్నర అడుగు వెడల్పున తీసేసి కంకర పోయండి. బయటి నేల లోపలి నేలకంటే కనీసం ఆరంగుళాలు కిందుండాలి. రోడ్లు వేసిన ప్రతిసారీ ఊరి మట్టం పెరిగి, చాలా చర్చిలు గుంటలో పడిపోయాయి. ఇది సరిచేయకుండా ఏ పూత వేసినా డబ్బు దండగే. పైకి వచ్చిన ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి ఎత్తిపోయండి, నీళ్లతో కడగొద్దు, కడిగితే మళ్లీ లోపలికి ఇంకుతుంది. తర్వాత గోడను ఆరనివ్వాలి. నెలకు ఒక అంగుళం మందం ఆరుతుందని లెక్క. రెండడుగుల గోడ రెండు వైపులా ఆరినా ఏడాది పడుతుంది. ఈవెంట్ల వాళ్లు ఆగమంటే ఆగరు, మీరు ఆపాలి.

పూతకు నానబెట్టిన సున్నం ఒక పాలు, కడిగిన ఏటి ఇసుక మూడు పాళ్లు కావాలి. సముద్రపు ఇసుక వద్దేవద్దు. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపే పాత పద్ధతి తెలిసిన మేస్త్రి దొరికితే మంచిదే. ఒక్కో పూత 10, 12 మిల్లీమీటర్లకు మించకుండా రెండు పూతలు వేసి, తడి గోనెలు కప్పి వారం పైగా ఆరిపోకుండా చూడాలి. పైన మూడు చేతుల సున్నం. ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఏసీ పెట్టాలనుకుంటే ఒక్క మాట. కూర్చున్న మనిషి గంటకు సుమారు 50 గ్రాముల ఆవిరి వదులుతాడు. 200 మంది ఉంటే గంటకు 10 లీటర్ల నీళ్లు గాల్లో కలుస్తాయి. కిటికీలు మూసేస్తే ఆ నీళ్లన్నీ గోడకు, దూలాలకు పట్టాల్సిందే. ఏసీ ఉన్నా ఎగ్జాస్ట్ ఉండాలి, ప్రోగ్రాం అయ్యాక రెండు గంటలు కిటికీలన్నీ తెరవాలి.

దూలాలకు ట్రస్ కట్టొద్దు. 12 మీటర్ల అల్యూమినియం ట్రస్ 90 కిలోలు, మూవింగ్ హెడ్లు (అటూ ఇటూ తిరిగే లైట్లు) డజనుకు 270, స్పీకర్లు 240, అన్నీ కలిస్తే 600 కిలోలు. ఆ టేకు కప్పు పెంకుల బరువును సమంగా మోయడానికి చేసినది, మధ్యలో రెండు చోట్ల లాగే బరువుకు కాదు. గోడలోకి దూరిన దూలపు కొన బయటికి కనిపించదు, చెద, కుళ్లు మొదలయ్యేది అక్కడే. దబ్బనంతో పొడిచి చూడండి. అరంగుళం సులువుగా దిగితే ఆ కొన పోయినట్టే. లైట్ల ట్రస్‌ను నాలుగు కాళ్ల మీద నేల నుంచే నిలబెట్టండి.

పెంకులు తీసి రేకులు వేద్దామని కూడా కొందరు అడుగుతున్నారు. చదరపు మీటరుకు 40 కిలోల పైగా ఉన్న పెంకుల బరువే తుపాను గాలికి కప్పును కిందికి పట్టి ఉంచేది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను ఈ ప్రాంతం మరిచిపోలేదు. రేకులు వేస్తే కప్పును గోడకు కట్టే ఇనప పట్టీలు కొత్తగా వేయాలి. వాన చప్పుడుకు కచేరీ కూడా ఆగిపోతుంది.

నల్లరేగడి నేలైతే పగుళ్ల మీద జిప్సం ముద్ద పెట్టి తేదీ రాయండి. వేసవి చివర ఒకసారి, డిసెంబరు వానలయ్యాక ఒకసారి చూడండి. ముద్ద పగిలితే గోడ ఇంకా కదులుతోంది. ఇంజనీరు చూసేదాకా జనాన్ని రానివ్వొద్దు.

ప్రశ్న: ఎంతమందిని కూర్చోబెట్టవచ్చు? (సింగరాయకొండ)

జవాబు: కుర్చీలు దగ్గరగా వేస్తే జాతీయ భవన నియమావళి మనిషికి 0.6 చదరపు మీటరు లెక్క వేస్తుంది. కానీ అసలు లెక్క తలుపులది. చదునైన దారిలో మనిషికి 6.5 మిల్లీమీటర్ల వెడల్పు, అంటే 200 మందికి 1.3 మీటర్లు. పెద్ద తలుపే మూసుకుపోయినా మిగతావాటికి ఆ వెడల్పు ఉండాలి. పక్క తలుపులు మూడేసి అడుగులవి రెండు ఉంటే మీకు 200 కంటే ఎక్కువ వద్దు.

పాత చర్చి తలుపులు లోపలికి తెరుచుకుంటాయి, జనం తోసుకొస్తే తెరుచుకోవు. ప్రోగ్రాం జరిగినంతసేపూ రెక్కల్ని గోడకు కొక్కెంతో కట్టేసి, తెర మాత్రమే వేయండి. 1997లో ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయింది బయటికి దారులు మూసుకుపోవడం వల్లే. టికెట్లు ఎక్కువ అమ్ముడయ్యాయని నడవలో కుర్చీలు వేయనివ్వొద్దు. స్టేజీ దగ్గర, మిక్సర్ దగ్గర 4.5 కిలోల కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, ప్రతి తలుపు దగ్గర 6 కిలోల ఏబీసీ (పొడి చిమ్మే) సిలిండరు, కరెంటు పోతే వెలిగే బ్యాటరీ లైట్లు ఉండాలి. లోపల బాణసంచా వద్దు, కోల్డ్ పైరో (వేడి తక్కువంటూ అమ్మే స్టేజీ బాణసంచా) అన్నా వద్దు. కరెంటుకు పాత వైరింగును తాకకుండా వేరే త్రీఫేజ్ లైను, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చి), రెండు ఎర్తు గుంటలు. పైపులు గోడ కోసి వేయొద్దు, పైనే వేయండి. అగ్నిమాపక శాఖ ఎన్ఓసీ లేకుండా మొదటి టికెట్ కూడా అమ్మకండి.

ప్రశ్న: మా ఇంటి ఎదురుగా పాత చర్చిని హాలు చేశారు. రాత్రి 11 దాకా మోత. పక్కనే బడి కూడా ఉంది. (కోవూరు)

జవాబు: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. ప్రైవేటు స్థలం ప్రహరీ దగ్గర ఆ హద్దు కంటే 5కి మించి ఎక్కువ ఉండకూడదు. ప్రభుత్వం నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించి ఉంటే బడి చుట్టూ 100 మీటర్లలో పగలు కూడా 50యే. మూసిన హాల్లో రాత్రి మైకు వాడుకోవచ్చని నిర్వాహకులు అంటారు. అది లోపలివాళ్లకు వినిపించడానికే, మీ ఇంటికి వినిపించడానికి కాదు. గోడ రెండడుగులున్నా శబ్దం పెంకుల సందుల్లోంచి, కిటికీల్లోంచి బయటికొస్తుంది. తేదీ, టైము, డెసిబెల్ రీడింగు కనిపించేలా వీడియో తీసి పోలీసులకు, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇవ్వండి.

ప్రశ్న: లోపల పాలరాతి పలకలు, నేలలో రెండు సమాధులు, గంట, బల్ల ఉన్నాయి. వాటినేం చేయాలి? (నెల్లూరు రూరల్)

జవాబు: సిలువ, ప్రభువు బల్ల, ప్రసంగ వేదిక కొత్త మందిరానికి తీసుకెళ్లండి. వాటిని స్టేజీ అలంకరణకు వదిలితే సంఘం మనసు విరుగుతుంది, విరగడం న్యాయమే. గంటను షో కోసం మోగించనివ్వొద్దు.

సమాధుల్ని కదపొద్దు. శ్మశాన స్థలాల్లోకి చొరబడి అవమానించడం భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్ కింద నేరం. వాటి మీద కాంక్రీటు పోయకుండా, మందపాటి ఫెల్ట్ మీద చెక్క దిమ్మెలు పరిచి, వాటిపై ప్లైవుడ్ నేల వేయండి. గోడ పలకల్ని యాసిడ్‌తో తుడవొద్దు, అక్షరాలు కరిగిపోతాయి. డిస్టిల్డ్ వాటర్, మెత్తటి బ్రష్షు చాలు. ప్రోగ్రాంలప్పుడు అంగుళం ఖాళీ వదిలి ప్లైవుడ్ అడ్డం పెట్టండి.

బాప్టిస్టు చర్చి అయితే వేదిక పలకలెత్తి చూడటం మరవకండి. కింద బాప్తిస్మపు తొట్టి ఉండొచ్చు. పాస్టరు గారొకరు నిలబడితే ఆగే పాత పలకల మీద పదిమంది డ్యాన్స్ చేస్తే విరుగుతాయి. స్టేజీ చదరపు మీటరుకు 500 కిలోలు మోయాలి. తొట్టిని పూడ్చొద్దు, దాని అంచుల అవతల కాళ్లు పెట్టి పైన విడి స్టేజీ కట్టండి. వెస్ట్రీ గదిలోని (పాస్టరు గారి పక్క గది) బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లను తాళం చెవులు చేతులు మారకముందే స్కాన్ చేయించి, కొత్త మందిరంలో ఇనప బీరువాలో పెట్టండి. పెళ్లి సర్టిఫికెట్ల కోసం ముప్పై ఏళ్ల తర్వాత కూడా మనుషులు వస్తారు.